మరీ మంచి డప్పు

ఆ ప్రయోగశాలలో పెద్దకోడల్ని అందరూ డప్పులావిడ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా ఆ పేరుకే పలుకుతుంది. అలాగని ఆవిడ చేసేది మెడలో తగిలించుకుని వాయించే డప్పు కాదు. ఒక వెంట్రుకను కొన్ని వందల పొరలుగా చీరగలిగితే, అందులో ఒక పొరంత పలచని అల్యూమినియం రేకు. దాన్ని ఓ బుల్లి పలక మీద, పలకకు ఎక్కడా తగలకుండా, గుండ్రంగా బిగించి నిలబెట్టాలి. అది కంటికి ఆనదు, చెవికి వినిపించదు. అలాంటిదాని మీద మనిషి నాలుగేళ్ళు పెట్టిందంటే వాళ్ళ అత్తగారికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "ఏదో ఒకటి, జీతమైతే వస్తోందిగా," అని సరిపెట్టుకుంది.

ఈ డప్పు గొప్పదనం మోతలో లేదు, ఆగకపోవడంలో ఉంది. ఒకసారి తడితే ఎంతసేపు ఊగుతుందన్నదే లెక్క. ఊపు అరిగిపోవడానికి సవాలక్ష దారులుంటాయి. అంచు దగ్గర సన్నటి పగులు, పైన కంటికి కనబడని మురికి, లోహంలో ఎక్కడో మిగిలిపోయిన ఒత్తిడి. ఇంట్లో ఎలుక కన్నాలు మూసినట్టు ఆవిడ ఆ దారులన్నిటినీ వెతికి వెతికి మూసింది. కిందటిసారి ఒకే పలక మీద బోలెడు డప్పులు చేస్తే, కడిగాక తడి ఆరేటప్పుడు దాదాపు అన్నీ కిందికి కుంగి పలకకు అతుక్కుపోయాయి. ఒకసారి అతుక్కుందంటే ఇక దాన్ని లేపే మొనగాడు లేడు. ఒక్కటి మాత్రం నిలబడింది. ఆ ఒక్కటీ ఆవిడ ఇంతవరకూ చేసినవాటిలోకెల్లా మేలైనదని చిన్న పరీక్షల్లోనే తేలిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదుగానీ, కూనిరాగం తీస్తూ కూర మాడ్చింది.

ఆ డప్పు ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉంది. పాలూ పెరుగూ దాచుకునే ఫ్రిజ్ కాదు. రాగి పళ్ళేలు ఒకదాని కింద ఒకటి వేలాడే నిలువెత్తు యంత్రం. అడుగు పళ్ళెం దగ్గర చలి ఎంతంటే, దాన్ని చలి అనడం కూడా చిన్నమాటే. ఆ యంత్రం మీద ముందు వంతు చిన్నకోడలిది, తర్వాతి వంతు పెద్దకోడలిది. డప్పు మాత్రం ఇద్దరికీ ఒకటే. చిన్నామె ప్రయోగం అయ్యాక, అదే డప్పును ఎటూ కదపకుండా తట్టి, అది ఎంతసేపు మోగుతుందో పెద్దామె లోకానికి చూపించాలి. నాలుగేళ్ళ కష్టం ఆ ఒక్క కొలత కోసమే.

చిన్నకోడలు ముందు ల్యాబులోకి వచ్చింది, తర్వాత ఇంట్లోకి. కొలతల పని మీద చేరిన ఆ పిల్ల నెమ్మదితనం చూసి ముచ్చటపడి, మరిదికి చేసుకుందామని పట్టుబట్టింది పెద్దకోడలే. తోడికోడళ్ళు ఇంట్లోనూ పనిలోనూ కలిసి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నిప్పు రాజుకోకపోదని ల్యాబులో కొందరు ఆశగా ఎదురుచూశారు. పాపం, వాళ్ళ ఆశ ఎంతకీ తీరలేదు.

చిన్నామె పనేమిటో ఒకసారి భోజనాల బల్ల దగ్గర అత్తగారు అడిగింది. చిన్నామె చెయ్యి కడుక్కుని వచ్చి మరీ చెప్పింది.

"లోపల బాగా చల్లటి చోట ఒక చిప్పు ఉంటుందత్తయ్యా. అది గుసగుసగా మాట్లాడుతుంది. ఆ గుసగుస మనకు వినబడాలంటే పైన ఒక యాంప్లిఫయర్ పెట్టాలి. దానికేమో నోరెక్కువ. వినమంటే వినకుండా తిరిగి కిందికి అరుస్తుంది. దాంతో ఆ చిప్పు బెదిరిపోయి చెప్పాల్సింది మర్చిపోతుంది. అందుకని మాట కిందినుంచి పైకి పోవాలి. పైనుంచి కిందికి మాత్రం రాకూడదు."

"అలాంటిదొకటి మీ మావయ్యకి బిగించవే తల్లీ, పుణ్యముంటుంది," అంది అత్తగారు.

మావగారు పేపరు దించి ఏదో అనబోయి, అంటే ఆ మాటను నిజం చేసినట్టవుతుందని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

అలా ఒకవైపే పోనిచ్చే పెట్టెలు ఇప్పటికే ఉన్నాయి. కాకపోతే అవి అయస్కాంతాలతో చేసినవి, ఇటుకల్లాంటివి. ఆ చిప్పులకూ అయస్కాంతానికీ క్షణం పడదు. చిన్నామె అయస్కాంతం లేకుండా ఆ పని చేయాలనుకుంది. ఎడమన ఒక గది, కుడిన ఒక గది. గదులంటే మైక్రోవేవ్‌లు తిరుగాడే సన్నటి తీగల చుట్లే. వాటి మధ్య పెద్దామె డప్పు. ఆ డప్పు రెండు రకాలుగా ఊగగలదు. పొరంతా ఒక్కసారే పైకీ కిందికీ ఊగడం ఒకటి, సగం లేస్తే సగం దిగడం ఇంకొకటి. ఎడమ గదిలోంచి వచ్చిన సిగ్నల్ ఈ రెండు ఊపుల మీదుగా, రెండు దారుల్లో కుడి గదికి చేరుతుంది. బయటినుంచి ఒకే శ్రుతిలో పంపే సిగ్నళ్ళను టోన్‌లంటారు. వాటి ఫేజ్‌ను, అంటే ఒకదాని అల వెనక ఇంకొకదాని అల ఎప్పుడు లేవాలన్నదాన్ని, సరిగ్గా అమర్చితే, వెళ్ళేటప్పుడు ఆ రెండూ కలిసి ఉయ్యాలను ఒకేవైపు తోస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒకటి తోస్తే ఇంకొకటి లాగుతుంది, ఉయ్యాల కదలదు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో!

యంత్రంలో మాత్రం వెళ్ళేదీ వచ్చేదీ సమానంగానే ఉన్నాయి. వారాల తరబడి అదే తంతు. ఎప్పుడో ఒకసారి, మెరుపు మెరిసినట్టు, వెనక్కి వచ్చేది తగ్గినట్టు కనబడేది. సరిగ్గా కొలుద్దామని చెయ్యి పెట్టేలోపు జారిపోయేది. చూస్తూండగానే వంతు చివరికి వచ్చేసింది. ఫలితం చూపిస్తేనే చిన్నామె ఉద్యోగం పొడిగిస్తామని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

అందరూ పెద్దాయన అని పిలిచే ప్రయోగశాల అధిపతి ఇద్దరినీ తన గదికి పిలిచారు. అలా మెరిసినప్పుడు ఒక రోజు యంత్రానికి చిక్కిన గీత ఒకటి ఆయన బల్ల మీద ఉంది.

"ఇదిగో, ఇది చాలమ్మా. ఇంత శుభ్రంగా వచ్చాక ఇంకేం కావాలి? ఇదే రాసెయ్."

"అంత శుభ్రంగా ఒక్కసారే వచ్చింది సార్. మళ్ళీ రమ్మంటే రాలేదు," అంది చిన్నామె.

"వచ్చిందా లేదా?"

"వచ్చిందో, రావాలనుకున్నాను కాబట్టి వచ్చినట్టనిపించిందో తెలీదు సార్. తెలిసేదాకా నేను రాయను."

పెద్దాయన తల పట్టుకున్నారు. పెద్దకోడలికీ ఆ క్షణాన ఒళ్ళు మండింది. ఉద్యోగం పోయేవేళ ఇంత నిక్కేమిటనిపించింది. గది బయటికొచ్చి నాలుగడుగులు వేశాక మాత్రం మనసు మారింది. కాకిలెక్కలతో పబ్బం గడుపుకుని పైకొచ్చినవాళ్ళను ఆవిడ చాలామందిని చూసింది. ఆ గీతను తనకు ఇచ్చి ఉంటే తానేం చేసేదో ఆలోచించుకుని, జవాబు నచ్చక, ఆలోచన అక్కడితో ఆపేసింది.

ఆ తర్వాతినుంచి చిన్నామె ఆవిడకు ఎదురుపడటం మానేసింది. లిఫ్టు దగ్గర ఈవిడను చూస్తే మెట్ల వైపు తిరిగేది. ఇంట్లో ఒకే బల్ల మీద తింటూ కూడా కళ్ళు ఎత్తేది కాదు. చూసి చూసి ఒక సాయంత్రం పెద్దామె వంటింట్లో పట్టుకుంది. చిన్నామె కడిగిన పళ్ళేన్ని తుడిచిందే తుడుస్తోంది.

"దాని రంగు పోయేలా ఉందిగానీ, ఏమైందో చెప్పు."

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే నన్ను చూసి మెట్లెక్కి పోతావెందుకే? నేనేమైనా కరుస్తానా?"

చిన్నామె పళ్ళెం పక్కన పెట్టింది. "నీ డప్పు మరీ మంచిదక్కా."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూ కాదు. అదే చిక్కు. వెనక్కి వచ్చే సిగ్నల్ ఊరికే మాయమైపోదు కదా? ఎక్కడో ఒకచోట అరిగిపోవాలి. అరగాలంటే డప్పులోనే అరగాలి. నీ డప్పు దేన్నీ అరగనివ్వదు. అందుకే ఒకవైపు దారి తెరుచుకున్నా, అది సూదిమొనంత సన్నగా ఉంటోంది. యంత్రం కాస్త అటూ ఇటూ అయినా తప్పిపోతోంది. ఆ రోజు మెరిసింది నిజమేనక్కా. కాకపోతే దాని మీద నిలబడలేం."

పెద్దామెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం నెత్తికెక్కింది. డప్పు ఎంత మంచిదైతే దారి అంత బాగుంటుందని ఈ ప్రయోగం కోసం పెట్టుకున్న దరఖాస్తులో మొదటి వాక్యంలోనే రాసుకున్నారు. రాసింది ఆవిడ, సంతకం పెట్టింది పెద్దాయన, నమ్మింది అందరూ.

"నాలుగేళ్ళు నాచేత కన్నాలన్నీ మూయించి, ఇప్పుడొచ్చి కన్నం కావాలంటావా!"

"కన్నమేమిటే? ఎక్కడ కారుతోంది?" అని ముందుగదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఏం లేదత్తయ్యా, ఆఫీసు గొడవ!" అన్నారు తోడికోడళ్ళు ఒక్క గొంతుతో.

చిన్నామె గొంతు తగ్గించింది. "దారి ఒకటుంది. డప్పును ముట్టుకోకుండా బయటినుంచి ఇంకో టోన్ పంపితే, అది ఉన్నంతసేపూ ఊపు తొందరగా అరిగిపోతుంది. తీసేస్తే మళ్ళీ మామూలే. కానీ గట్టిగా పంపాలి. దాని శ్రుతి వెంట్రుకవాసి తప్పిందంటే, డప్పు ఆగడం మాట అటుంచి రెచ్చిపోయి ఊగుతుంది. ఊగి ఊగి కింది పలకకు తగిలితే..."

"అతుక్కుపోతుంది," అంది పెద్దామె.

"అందుకే అడగకూడదనుకున్నాను. ఎల్లుండి ఫ్రిజ్ నీకు అప్పగించేస్తాను. నీ కొలత నువ్వు తీసుకో."

"మరి నీ ఉద్యోగం?"

"ఇంకోటి చూసుకుంటానులే."

పెద్దామె గిన్నెలు సర్దింది. వాటి చప్పుడుకు మావగారు టీవీ గొంతు పెంచారు. ఆవిడకు కోపమే వచ్చింది, కానీ ఎవరిమీదో తేల్చుకోలేకపోయింది. డప్పుకు ముప్పు తప్పిందని లోపల ఒక మూల హాయిగా ఉంది. ఆ హాయి మీద అసహ్యం వేసింది. తను చెయ్యిపట్టుకుని తెచ్చుకున్న పిల్ల, తనను అడగడంకన్నా ఉద్యోగం పోగొట్టుకోవడమే నయమనుకుంది. తనకు ఆ డప్పంటే ఎంత ప్రాణమో చూసే అలా అనుకుంది. ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చిన్నామె లెక్కల కాగితాలు అడిగి తీసుకుంది. దుమ్ము చొరబడని క్లీన్ రూమ్‌కు వెళ్ళేముందు తెల్లగౌన్లు తొడుక్కునే చిన్నగదిలో, బూట్ల అరల పక్కన బల్ల మీద కూర్చుంది. ఆవిడ వెతికింది తప్పు కోసం. ఒక్క తప్పు దొరికితే చాలు, డప్పుమీద పడ్డ నింద పోతుంది, పిల్లకూ వేరే దారేదైనా కనబడుతుంది. ఒక్కొక్క వరుసా చేత్తో మళ్ళీ వేసుకుంటూ వచ్చింది. గౌన్లు తొడుక్కునేవాళ్ళు వచ్చి పోతున్నారు, పలకరిస్తున్నారు, ఆవిడ ఊఁ కొడుతోంది.

తప్పు లేదు. ఎడమనుంచి కుడికి పోయేదానికి ఒక సూత్రం, కుడినుంచి ఎడమకు వచ్చేదానికి ఇంకొకటి. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. రెండింటి మధ్యా తేడా పట్టి నిలిపింది ఒకే ఒక్క అక్షరం. డప్పు ఊపు ఎంత త్వరగా అరుగుతుందో చెప్పే అక్షరం అది. దాన్ని సున్నా చేసి చూసింది. అటూ ఇటూ ఒకటైపోయాయి. నాలుగేళ్ళుగా తాను సున్నా చేయాలని పగలనకా రాత్రనకా పాటుపడింది సరిగ్గా ఆ అక్షరాన్నే.

ఆవిడకు నవ్వొచ్చింది. అతి ఎక్కడా పనికిరాదని చిన్నప్పటినుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు, మంచితనంలో కూడానని మాత్రం ఎవరూ చెప్పలేదు. నవ్వు ఆగాక ఆ కాగితాలను మళ్ళీ మొదటినుంచి చదివింది, ఈసారి తప్పు కోసం కాదు. ఎంత అందంగా చేసింది! ఎక్కడా డాంబికం లేదు, ఒక్క మెట్టు దూకలేదు. అందరూ నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్న మాటను ఈ పిల్ల ఒక్కతీ దించి చూసింది. చూసి, చప్పుడు చేయకుండా తన దగ్గరే పెట్టుకుంది. పెద్దామెకు కాస్త అసూయ కూడా కలిగింది. అంతకన్నా ఎక్కువగా, ఈ పిల్ల మనింటి పిల్ల అన్న గర్వం కలిగింది.

మధ్యాహ్నం ఆవిడ కొలతల గదికి వెళ్ళింది. పంపుల రొద, నేల మీద పాముల్లా తీగలు, మూల స్టూలు మీద చిన్నామె. యంత్రాన్ని అప్పగించడానికి తన సామాను డబ్బాలో సర్దుకుంటోంది.

"అవి మళ్ళీ బయటికి తియ్యి. ఆ టోన్ ఏదో పెట్టు," అంది పెద్దామె.

"అక్కా, ఒకవేళ అతుక్కుంటే?"

"అతుక్కుంటే ఏడుస్తాను. ఏడ్చి ఇంకోటి చేస్తాను. చేసినదాన్నే కదా. కానీ టోన్ పెంచే నాబ్ మాత్రం నేనే తిప్పుతాను. ఇంకెవరు తిప్పినా నా ప్రాణం ఒప్పుకోదు."

చిన్నామె సామాను మళ్ళీ బయటికి తీసింది. పెద్దామె అప్పటికే ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. సంగతి ఎలా పొక్కిందో ఏమో, కాసేపటికి పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన వెనక ఇంకొందరు.

తెర మీద రెండు గీతలు. పోయేది నీలం, వచ్చేది ఎరుపు. ఒకదాని మీద ఒకటి పడుకుని ఒకటే గీతలా ఉన్నాయి. పెద్దామె నాబ్ కొంచెం తిప్పింది. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పింది. గీతలు వణికాయి. ఉన్నట్టుండి రెండూ కలిసి పైకి లేవడం మొదలుపెట్టాయి.

"తగ్గించక్కా! తగ్గించు!"

ఆవిడ చెయ్యి అప్పటికే వెనక్కి తిరిగింది. డప్పు రెచ్చిపోయింది. గీతలు దిగివచ్చేదాకా ఆవిడ నాబ్‌ను వెనక్కి తిప్పుతూనే ఉంది. దిగాయి. డప్పు బతికే ఉంది. ఆవిడ అరచేతులు చీరకు తుడుచుకుంది. చిన్నామె పెదవి కొరుక్కుంటూ అంకెలు చూసింది. టోన్ తాను అనుకున్న శ్రుతికి వెంట్రుకవాసి పక్కన పడింది. సరిచేసి, అక్క మొహంలోకి చూసింది. ఇక వద్దంటే ఆపేయడానికి సిద్ధంగా ఉంది ఆ చూపు.

"నన్నెందుకు చూస్తావు? తెర చూడు," అని పెద్దామె మళ్ళీ నాబ్ పట్టుకుంది.

ఈసారి గీతలు లేవలేదు. కాసేపు అలాగే ఉండి, ఎరుపుగీత నీలంగీతను వదిలి కిందికి జారింది. నాబ్ తిరిగినకొద్దీ ఇంకా జారింది. సూదిమొనంత సన్నగా కాదు, చదునుగా, వెడల్పుగా, పళ్ళెంలా. నీలంగీత మాత్రం ఉన్నచోటే ఉంది. చిన్నామె తుడిచేసి మళ్ళీ కొలిచింది. అలాగే వచ్చింది. మళ్ళీ కొలిచింది. అలాగే వచ్చింది.

"ఇకనైనా రాస్తావా తల్లీ?" అన్నారు గుమ్మంలోంచి పెద్దాయన.

"ఒక్క నిమిషం సార్. మన తీగల్లో ఎక్కడైనా పాత అయస్కాంతం పెట్టె ఉండిపోతే కూడా అచ్చం ఇలాగే కనబడుతుంది. ఇప్పుడు తీగలేవీ ముట్టుకోకుండా ఫేజ్ ఒక్కటీ తిరగేస్తాను. అయస్కాంతం పనైతే దారి మారదు. మన పనైతే మారాలి."

గదిలో ఎవరికీ ఆ అనుమానమే రాలేదు. పండగ చేసుకోవాల్సిన సమయంలో తన గెలుపును తానే బోనెక్కించింది ఈ పిల్ల. పెద్దామె ఆ మొహం వైపు చూస్తూ, దండం పెట్టాలనిపిస్తే చిన్నవాళ్ళకు పెట్టొచ్చా పెట్టకూడదా అనుకుంది.

చిన్నామె ఒక అంకె మార్చింది. ఎరుపుగీత పైకి లేచింది. నీలంగీత దిగి దాని చోట్లో కూర్చుంది. ఇంతసేపూ పోయినవైపు దారి మూసుకుంది, రానివైపు తెరుచుకుంది. ఒక్క తీగ కదలలేదు.

గుమ్మంలో చప్పట్లు మోగాయి. పెద్దాయన లోపలికొచ్చి, "పైవాళ్ళతో ఇప్పుడే మాట్లాడతాను. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు," అన్నారు. ఎవరో చిన్నామె భుజం తట్టారు. పెద్దామె మాత్రం నాబ్ వదల్లేదు. డప్పు బతికే ఉంది, సరే. ఆ టోన్‌తో అంత వేడి తాగాక మునుపటిలా ఉందా? పొర కాస్త వదులైనా చాలు, నాలుగేళ్ళూ నీళ్ళపాలే. ఆ ప్రశ్న ఎవరినీ అడగలేక అలాగే కూర్చుంది.

చిన్నామె జనాన్ని తప్పించుకుని వచ్చి పక్కన నిలబడింది. ఒక్కొక్క టోనూ ఆపేసింది. "ఈ పూట ఇంకా నాదేగా. నీ డప్పు తడదామక్కా," అంది.

పెద్దామె నాబ్‌ను చివరిదాకా వెనక్కి తిప్పి మూసేసింది. చిన్నామె డప్పును ఒక్కసారి, మెల్లగా తట్టింది. తెర మీద గీత లేచింది. లేచి, అక్కడే ఉండిపోయింది.

అందరూ చూస్తున్నారు. గీత దిగుతోందో లేదో తెలియడం లేదు.

"యంత్రం బిగుసుకుపోయిందేమో," అన్నారు పెద్దాయన.

"లేదు సార్. మోగుతోంది," అంది చిన్నామె.

ఆయన వెళ్ళి కాఫీ తాగి వచ్చారు. ఇంకా మోగుతోంది. గీత ఒక పిసరు దిగింది, అంతే. పెద్దామె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తాను కలగన్నదానికన్నా మంచి డప్పు అది.

"ఇది ఆగేదాకా ఇక్కడే ఉండాలంటే ఇంట్లో చెప్పి రావాలమ్మా," అని పెద్దాయన నవ్వారు.

పెద్దామె తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా నాబ్ వెతుక్కుని పట్టుకుంది. చిన్నామె టోన్ వేసింది. పెద్దామె నాబ్ తిప్పింది. గీత ఒక్కసారిగా నేలకు దిగింది, కసురుకుంటే నోరు మూసుకునే పిల్లలా కాదు, పిలిస్తే వచ్చి ఒళ్ళో కూర్చునే పిల్లలా. ఆగడం కూడా ఇంత అందంగా ఉంటుందని ఆవిడకు ఈ నాలుగేళ్ళలో ఒక్కనాడూ తోచలేదు.

ఆవిడ ముక్కు ఎగబీల్చి, నాబ్ వెనక్కి తిప్పి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఏదీ, ఇంకోసారి తట్టు. మళ్ళీ ఆపుతాను."